ఓటు కవరు మీద సంతకం కలవలేదట. సరిచేసి పంపాలా, వదిలేయాలా?

వానలో_శిరీష
సియాటెల్ పక్కనే ఉంటాం. నాకు ఈ ఏడాదే సిటిజన్‌షిప్ వచ్చింది, ఈ నవంబర్ 2024 ఎన్నికే నా మొదటి ఓటు. ఇక్కడ వాషింగ్టన్ రాష్ట్రంలో బ్యాలెట్ ఇంటికే పోస్టులో వస్తుంది కదా, ఒక ఆదివారం కూర్చుని గవర్నర్ దగ్గర నుంచి జడ్జీల దాకా అందరి గురించి చదివి, నింపి, డ్రాప్ బాక్స్‌లో వేసి వచ్చాను. నిన్న కౌంటీ (ఇక్కడి జిల్లా) ఎన్నికల ఆఫీసు నుంచి ఉత్తరం. నా కవరు మీద సంతకం వాళ్ల దగ్గరున్న సంతకంతో కలవలేదట, ఫారం మీద మళ్లీ సంతకం పెట్టి పంపకపోతే ఓటు లెక్కపెట్టరట.

విషయం ఏమిటంటే నేను పదో తరగతి నుంచీ తెలుగులోనే సంతకం పెడతాను. లైసెన్స్ ఆఫీసులో మాత్రం వెనక లైను పెరిగిపోతోందని కంగారులో ఆ చిన్న స్క్రీన్ మీద ఇంగ్లీషులో గీకేశాను. వాళ్ల దగ్గర ఉన్నది అదే. కవరు మీద మాత్రం అలవాటుగా తెలుగులో పెట్టాను.

మా ఆయనేమో "గవర్నర్‌గా ఫెర్గూసన్ లక్షల తేడాతో గెలిచాడు, నీ ఒక్క ఓటు కోసం మళ్లీ ఫారాలు ఎందుకు, వదిలెయ్" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. పైగా కొంచెం భయం కూడా, సంతకం తేడా అంటే ఏదో దొంగతనం చేసినట్టు రికార్డులో రాసుకుంటారా? ఎవరికైనా ఇలా వచ్చిందా?

రెడ్‌మండ్_రాణి
పంపించండి శిరీషగారూ. మా అమ్మాయికి పోయినసారి వచ్చింది. పద్దెనిమిదేళ్ల పిల్ల, సంతకం నెలకో రకంగా పెడుతుంది. ఫారం పంపింది, లెక్కలో పడింది. రికార్డులో ఏమీ రాసుకోరు, వేలమందికి వస్తాయి ఇవి.

కోడ్_కుమార్
మీ ఆయన చెప్పిందే కరెక్ట్ అనిపిస్తుంది నాకు. అందరూ ఊరికే "ప్రతి ఓటూ విలువైనదే" అంటారు గానీ, లక్షల తేడా వచ్చాక ఒక ఓటు కలిస్తే ఏమవుతుంది? వచ్చేసారికి సంతకం అప్‌డేట్ చేసుకోండి, చాలు.

హన్మకొండ_పోరడు
ఒక్క నిమిషం, గవర్నర్‌కు ఓట్లేసుడు ఏంది? మన దగ్గర గవర్నర్‌ను ఢిల్లీ నుంచి పంపుతరు కదా.

లెక్కలమాస్టారు
@హన్మకొండ_పోరడు మన దగ్గర రాజ్యాంగం 155వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి నియమిస్తారు. అమెరికాలో గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటి వాడు, ఇంకా చెప్పాలంటే అంతకన్నా ఎక్కువ, ఎందుకంటే ఎమ్మెల్యేల మద్దతుతో పని లేకుండా జనం నేరుగా ఎన్నుకుంటారు. బిల్లులు ఆపే అధికారం కూడా ఉంటుంది. రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గం అనుకో.

హన్మకొండ_పోరడు
సమజైంది మాస్టారూ. అంటే మేరీలాండ్‌ల మన హైదరాబాద్‌ల పుట్టిన అరుణా మిల్లర్ లెఫ్టినెంట్ గవర్నర్ అయింది అంటే ఓట్లతోనే అయిందన్నమాట.

లెక్కలమాస్టారు
అవును, 2022లో గవర్నర్ అభ్యర్థితో జంటగా నిలబడి గెలిచారు.

పాతకాపు_98
శిరీషమ్మా, ఫారం పంపే ముందు ఇది చదువు. కోడ్_కుమార్ కూడా చదవాలి. నేను 1998 నుంచి ఈ ఊళ్లోనే ఉన్నాను. 2004లో ఈ రాష్ట్రానికి జరిగిన గవర్నర్ ఎన్నిక నా కళ్ల ముందు జరిగింది. అప్పుడు నేను హెచ్1బి మీద ఉన్నాను, ఓటు లేదు. అయినా రెండు నెలలు రేడియో వింటూ టెన్షన్‌తో గడిపాను.

డెమొక్రాట్ల తరఫున క్రిస్టీన్ గ్రెగ్వార్, మూడుసార్లు గెలిచిన అటార్నీ జనరల్. రిపబ్లికన్ల తరఫున డీనో రోసీ, రాష్ట్ర సెనేటర్, రియల్ ఎస్టేట్ మనిషి. ఆవిడ సులువుగా గెలుస్తుందనే అందరూ అనుకున్నారు. నవంబర్ 2న ఓటింగ్. 28 లక్షల ఓట్లు. రెండు వారాలు లెక్కపెట్టాక రోసీ 261 ఓట్ల ఆధిక్యం. తేడా 2,000 లోపు కాబట్టి చట్టం ప్రకారం యంత్రాలతో మళ్లీ లెక్క. ఈసారి రోసీయే, కానీ 42 ఓట్లు! రాష్ట్రం అతన్నే విజేతగా ధ్రువీకరించింది కూడా.

అప్పుడు డెమొక్రాట్లు చేత్తో లెక్కపెట్టాలని అడిగారు. అది ఊరికే రాదు, అడిగిన పార్టీ ముందుగా డబ్బు కట్టాలి, ఫలితం తారుమారైతే తిరిగిస్తారు. 7,30,000 డాలర్లు కట్టారు. జాన్ కెర్రీ ప్రెసిడెంట్ ఎన్నికలో ఓడిపోయాడు కదా, ఆయన ప్రచార నిధిలో మిగిలిన దాంట్లోంచి కూడా కొంత వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. చేతి లెక్క నడుస్తుండగా డిసెంబర్‌లో, సియాటెల్ ఉన్న కింగ్ కౌంటీ కౌన్సిల్ చైర్మన్ లారీ ఫిలిప్స్ తన పేటలో తిరస్కరించిన ఓటర్ల జాబితా చూస్తున్నాడు. అందులో తన పేరే ఉంది! కౌంటీ కౌన్సిల్ చైర్మన్ ఓటే చెల్లలేదు. ఎందుకు? ఆయన సంతకం కంప్యూటర్‌లో దొరకలేదు. నిజానికి కంప్యూటర్‌లో లేకపోతే పాత కాగితం కార్డు తీసి చూడాలి, ఎవరూ చూడలేదు. వెతికితే అలాంటివి మొదట 573, తర్వాత మరికొన్ని కలిపి 700 దాటాయి. అన్నీ సక్రమమైన ఓటర్లవే, సంతకం దగ్గర ఆగిపోయినవి.

రిపబ్లికన్లు కోర్టుకెళ్లి ఆపించారు. డిసెంబర్ 22న రాష్ట్ర సుప్రీంకోర్టు వాటిని పరిశీలించి లెక్కపెట్టొచ్చంది. అవి కలపకముందే గ్రెగ్వార్ 10 ఓట్లతో ముందుకొచ్చింది. అవి కూడా కలిశాక 129.

13,73,361 వర్సెస్ 13,73,232. ఈ రెండు అంకెలు నాకు ఇరవై ఏళ్లుగా మా ఇంటి ఫోన్ నంబర్‌లా గుర్తున్నాయి. జనవరి 12న ఆవిడ ప్రమాణం చేసింది.

129 మంది అంటే మన ఎర్ర బస్సులు రెండు. నీకు వచ్చిన ఉత్తరాన్ని వదిలేయకు అమ్మా.

వానలో_శిరీష
పాతకాపుగారూ, మా ఆయనకు చదివి వినిపించాను. మాట్లాడకుండా విన్నారు. "అది 2004, ఇది 2024" అన్నారు చివరికి.

టాకోమా_వర్షం
2024లోనే జరిగింది కదండీ! మొన్న ఆగస్టు ప్రైమరీ మర్చిపోయారా? గవర్నర్‌ది కాదు, ఈ రాష్ట్రపు ప్రభుత్వ భూముల కమిషనర్ పదవికి. మొదటి ఇద్దరే నవంబర్‌కి వెళ్తారు. రెండో స్థానం కోసం డేవ్ అప్‌తగ్రోవ్‌కీ స్యూ కూల్ పెడర్సన్‌కీ మధ్య 19 లక్షల ఓట్లలో 51 తేడా. చేత్తో లెక్కపెడితే 49. ఆ వారమంతా వాలంటీర్లు ఇంటింటికీ తిరిగి, ఇదిగో ఇలాంటి సంతకం ఫారాలే నింపించారు. మా వీధికి కూడా వచ్చారు. ఆ 49తో గట్టెక్కిన మనిషే ఈ నవంబర్‌లో గెలిచాడు.

కోడ్_కుమార్
సరే, దగ్గర పోటీలుంటాయి, ఒప్పుకుంటా. కానీ ఈ ఎన్నిక దగ్గర పోటీ కాదు కదా, ఫలితం తేలిపోయింది. నా పాయింట్ అది.

రెడ్‌మండ్_రాణి
@కోడ్_కుమార్ బ్యాలెట్ మీద గవర్నర్ ఒక్కరే ఉంటారా? స్కూల్ బోర్డు పన్నులు, లెజిస్లేచర్ సీట్లు, అన్నీ ఆ ఒక్క కవర్లోనే ఉన్నాయి. కవరు ఆగిందంటే అన్నీ ఆగినట్టే. వాటిలో ఏది పది ఓట్ల మీద నడుస్తోందో మీకు తెలుసా?

కోడ్_కుమార్
ఇది మాత్రం నేను ఆలోచించలేదు.

సమామిష్_రావు
పాతకాపుగారు చెప్పింది ఒక వైపు కథ. నేనూ అప్పట్లో ఇక్కడే ఉన్నాను, ఓటు కూడా ఉంది, రోసీకే వేశాను, దాచుకోవాల్సిన పని లేదు. మా వైపు వాళ్లకు ఆ గాయం ఇంకా మానలేదు, ఎందుకో కూడా చెబుతాను.

రెండుసార్లు లెక్కపెడితే రెండుసార్లూ గెలిచినవాడు మూడోసారి ఓడిపోయాడు. మీ ఊరి పంచాయతీ ఎన్నికలో ఇలా జరిగితే ఊరుకుంటారా? సరే, ఆ 700 ఓట్లు సక్రమమైనవే అనుకుందాం. మరి అదే కింగ్ కౌంటీలో వందలాది ప్రొవిజనల్ ఓట్లు, అంటే అర్హత తేలే దాకా విడిగా ఉంచాల్సినవి, పోలింగ్ బూత్‌లోనే నేరుగా యంత్రంలోకి వెళ్లిపోయాయి. ఒకసారి లోపలికి వెళ్లాక ఏది ఎవరిదో ఎవరు చెప్పగలరు? జైలుశిక్ష పడి ఓటు హక్కు తిరిగి రాని వాళ్లు వేశారు. చనిపోయినవాళ్ల పేరు మీద పడ్డాయి. ఇవి నేను కల్పించినవి కావు, వెనాచీలో జరిగిన విచారణలో జడ్జి జాన్ బ్రిడ్జెస్ స్వయంగా 1,678 ఓట్లు చట్టవిరుద్ధంగా పడ్డాయని తేల్చారు. తేడా 129, చెల్లని ఓట్లు 1,678. ఇంకెలా నమ్మాలి ఆ ఫలితాన్ని?

ఆ డిసెంబర్‌లోనే ఉక్రెయిన్‌లో అధ్యక్ష ఎన్నికలో అక్రమాలు జరిగాయని మళ్లీ ఓటింగ్ పెట్టారు. ఇక్కడా అలా మళ్లీ పెట్టమని రోసీ అడిగాడు. ఆరెంజ్ రంగు అట్టలు పట్టుకుని రాష్ట్ర రాజధాని ఒలింపియాకి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎవరూ వినలేదు.

పాతకాపు_98
రావుగారూ, మీరు చెప్పిన తప్పులన్నీ జరిగాయి, నేను కాదనను. కానీ అదే తీర్పులో తర్వాతి మాట కూడా చెప్పాలి కదా. ఆ 1,678 మంది ఎవరికి వేశారో రుజువు లేదన్నారు జడ్జి. ప్రమాణం చేసి చెప్పిన వాళ్లలో నలుగురు రోసీకి వేశామన్నారు, గ్రెగ్వార్‌కి వేశానని ఒక్కరూ చెప్పలేదు. ఆ నాలుగూ రోసీ లెక్కలోంచి తీసేశారు, తేడా 133 అయింది. జూన్ 6, 2005. వెనాచీలోని ఆ చెలాన్ కౌంటీ కోర్టును ఎంచుకున్నది కూడా మీ పార్టీయే, అక్కడైతే తమకు అనుకూలమని.

సమామిష్_రావు
రహస్య ఓటు కదండీ, రుజువు ఎక్కడి నుంచి తెస్తారు? అందుకే మా లాయర్లు దామాషా పద్ధతి చెప్పారు. ఏ బూత్‌లో అయితే చెల్లని ఓట్లు పడ్డాయో, ఆ బూత్‌లో ఎవరికి ఎంత శాతం వచ్చిందో చూసి ఆ శాతం ప్రకారం ఇద్దరి దగ్గర నుంచీ తీసేయమన్నారు. అలా చేస్తే రోసీ గెలిచేవాడు.

లెక్కలమాస్టారు
ఇక్కడ నేను కలగజేసుకోవాలి, ముప్పై ఏళ్లు స్టాటిస్టిక్స్ చెప్పినవాణ్ణి. ఒక బూత్‌లో 60 శాతం మంది ఒకరికి వేశారంటే, ఆ బూత్‌లో ఉన్న ఒక ప్రత్యేకమైన గుంపు కూడా 60 శాతం అలాగే వేసిందని అనడానికి లేదు. మా వీధిలో సగం మంది మాంసం తింటారు, అందుకని మా వీధి గుడి పూజారిగారు సగం మాంసం తింటారా? శిక్ష పడ్డవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు, ఆ ఎన్నికలో మగవాళ్లు రోసీ వైపు ఎక్కువ మొగ్గారు. దామాషా లెక్క తలకిందులు కూడా కావచ్చు. జడ్జి దాన్ని ఒప్పుకోకపోవడం సరైన పని.

కానీ రావుగారి బాధలో న్యాయం ఉంది, అది కూడా చెప్పాలి. 28 లక్షల్లో 129 అంటే 0.0046 శాతం. మనుషులు లెక్కపెట్టినా యంత్రాలు లెక్కపెట్టినా, పొరపాటు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఇసుక లారీని బంగారం తూచే త్రాసులో తూచలేం. అందుకే నాలుగోసారి లెక్కపెట్టినా ఇంకో అంకె వచ్చేది, అయిదోసారి మరొకటి.

నెల్లూరు_చేపలపులుసు
మాస్టారూ, అయితే అలాంటప్పుడు ఏం చేయాలంటారు? బొమ్మా బొరుసా?

లెక్కలమాస్టారు
సరిగ్గా సమానమైతే అదే చేస్తారు. మన ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో 65వ సెక్షన్ చూడు, ఓట్లు సమానమైతే లాటరీ తీయాలి. 2018 జనవరిలో వర్జీనియాలో ఒక శాసనసభ సీటుకు గిన్నెలో చీటీలు వేసి తీశారు. కానీ ఒక్క ఓటు తేడా ఉన్నా, చట్టం దృష్టిలో తేడా తేడాయే.

గుంటూరు_ఘాటు
రనాఫ్ పెట్టాలి. జార్జియాలో సగానికన్నా ఎక్కువ రాకపోతే మొదటి ఇద్దరికీ మళ్లీ పోటీ. నేను అట్లాంటాలో ఉంటా, నాలుగు వారాల్లో మళ్లీ క్యూలో నిలబడాలి, విసుగే, కానీ ఎవరూ దొంగ ఫలితం అనలేరు. 2004 వాషింగ్టన్‌లో ఇద్దరికీ 50 శాతం రాలేదు కదా?

పాతకాపు_98
లేదు, ఇద్దరికీ 48.87 చిల్లర. లిబర్టేరియన్ అభ్యర్థి రూత్ బెనెట్ 63 వేల పైచిలుకు ఓట్లు తెచ్చుకుంది. రనాఫ్ పెడితే ఆ 63 వేల మందే తేల్చేవాళ్లు.

సమామిష్_రావు
అదే నేనూ అంటున్నది. రనాఫ్ అనండి, రీ-ఓట్ అనండి. జనమే తేల్చాలి, లాయర్లు కాదు.

పాతకాపు_98
ఒక చిక్కుంది రావుగారూ. ఆట అయిపోయాక నియమం మార్చకూడదు. ముందే చట్టంలో ఉంటే నేనూ సంతోషంగా ఒప్పుకుంటాను. ఓడిపోయినవాళ్లు అడిగినప్పుడల్లా మళ్లీ పెడితే ఎన్నికకు అంతుండదు. ఇంకో మాట. గ్రెగ్వార్‌ను విజేతగా ధ్రువీకరిస్తూ సంతకం పెట్టిన సెక్రటరీ ఆఫ్ స్టేట్ శామ్ రీడ్ రిపబ్లికన్. మొదట రోసీకి పెట్టింది కూడా ఆయనే. సొంత పార్టీవాళ్లు తిట్టిపోశారు. లెక్క ఎటు చూపిస్తే అటు సంతకం పెట్టాడు, ఆ మనిషంటే నాకు గౌరవం.

సమామిష్_రావు
శామ్ రీడ్ మంచివాడే. ఆయన్ని నేను ఏనాడూ ఏమీ అనలేదు. రోసీ కూడా తీర్పు వచ్చిన రోజే ఇక అప్పీలుకు వెళ్లనని చెప్పేశాడు, అది కూడా గుర్తుపెట్టుకోండి. 2008లో మళ్లీ అదే ఇద్దరూ పోటీ పడ్డారు, ఈసారి ఆవిడ దాదాపు 1,94,000 తేడాతో గెలిచింది. ఆ రోజు నాకు బాధ లేదు. ఓడినా నిద్ర పట్టింది.

రెడ్‌మండ్_రాణి
రావుగారూ, ఈ మాట చాలా నచ్చింది.

అనకాపల్లి_బెల్లం
ఎక్కడో అమెరికా దాకా ఎందుకు, మా ఊరి సంగతి చెప్పనీయండి. 1989 లోక్‌సభ ఎన్నికలో మా అనకాపల్లి నుంచి కొణతాల రామకృష్ణ 9 ఓట్లతో గెలిచారు. లోక్‌సభకి! తొమ్మిది! దేశం మొత్తంలో లోక్‌సభ ఎన్నికల్లో అంతకన్నా తక్కువ తేడా లేదు, 1998లో బిహార్ రాజ్‌మహల్‌లో సోమ్ మరాండీ కూడా 9తోనే గెలిచారు, ఇద్దరూ సమానం. మా నాన్న ఆ రోజు పొలంలో చెరకు గానుగ నడుస్తోందని ఓటుకు వెళ్లలేదు. ఆయన ఎవరికి వేసేవాడో మాకు చెప్పలేదు గానీ, ఆ తర్వాత ఆయన ఓటు మానిన ఎన్నిక లేదు. చివరిసారి 2019లో నడవలేని స్థితిలో కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లాం.

బెజవాడ_బాబాయ్
2019 అంటే మా విజయవాడ సెంట్రల్. మల్లాది విష్ణు 25 ఓట్లతో గెలిచారు. ఆ రాత్రి మా వీధిలో ఎవరూ పడుకోలేదు.

నెల్లూరు_చేపలపులుసు
రాజస్థాన్‌లో 2008లో సి.పి. జోషి ఒక్క ఓటుతో ఓడిపోయారు, 62,216కి 62,215. గెలిస్తే ముఖ్యమంత్రి అయ్యేవాడని అందరూ అనుకుంటున్న మనిషి.

లెక్కలమాస్టారు
గవర్నర్ ఎన్నికల్లో ఇంకా పాతవి ఉన్నాయి. 1839లో మసాచుసెట్స్‌లో మార్కస్ మోర్టన్ 1,02,066 ఓట్లలో 51,034 తెచ్చుకున్నాడు. సగానికి పైన ఉండాలన్నది అప్పటి నియమం, అంటే కావలసినదానికి ఒక్కటి కూడా ఎక్కువ లేదు. 1962 మిన్నెసోటాలో కార్ల్ రోల్వాగ్ 91 ఓట్లతో ఎల్మర్ ఆండర్సన్‌ను ఓడించాడు, నవంబర్‌లో ఓటింగ్ అయితే మార్చిలో తేలింది. అప్పటిదాకా ఓడిపోయే ఆయనే కుర్చీలో ఉన్నాడు, తేలిన తర్వాత మర్యాదగా దిగిపోయాడు.

హన్మకొండ_పోరడు
మాస్టారూ మీకు ఇవన్నీ నోటికెట్ల వస్తయి?

పోస్టల్_పద్మ
శిరీషగారి ప్రశ్న దగ్గరికి వస్తాను, ఎందుకంటే నాకు కడుపు మండే విషయం ఇది. నేను ఆంధ్రాలో ప్రభుత్వ టీచర్‌ని. ప్రతి ఎన్నికకూ డ్యూటీ వేస్తారు, అందుకని మాకు పోస్టల్ బ్యాలెట్. దాంతో పాటు ఫారం 13ఏ అని ఒక డిక్లరేషన్ ఉంటుంది, దాని మీద మన సంతకం, గెజిటెడ్ అధికారి అటెస్టేషన్. ఒకసారి ఆ హడావుడిలో, వందలమంది ఒకే గదిలో తోసుకుంటుంటే, నా ఫారం మీద అటెస్ట్ చేసిన అధికారి సంతకం పెట్టారు గానీ పేరూ హోదా రాయలేదు. నేనూ చూసుకోలేదు. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. అడిగితే "అంతే మేడమ్, లెక్కింపు రోజు వాళ్లిష్టం" అన్నారు. నా ఓటు చెల్లిందో లేదో ఈ రోజుకీ నాకు తెలియదు. తెలుసుకునే దారే లేదు. అక్కడికక్కడే పక్కన పెట్టేస్తారు, అంతే. ఊరంతటి చేతా ఓటు వేయించిన మనిషిని నేను, నా ఓటు ఏమైందో నాకు తెలియదు.

మీకు ఉత్తరం వచ్చింది. ఫలానా తప్పు ఉంది, ఫలానా తేదీలోపు సరిచేసుకో అని రాసి పంపారు. నాకు అలాంటి ఉత్తరం వస్తే పరుగెత్తుకుంటూ వెళ్లేదాన్ని. దయచేసి వదిలేయకండి.

కోడ్_కుమార్
@పోస్టల్_పద్మ ఇది చదివాక నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నా. శిరీషగారూ, పంపండి.

టాకోమా_వర్షం
పని సంగతి చెబుతా, తేదీలు ముఖ్యం. కౌంటీ ఫలితాన్ని ధ్రువీకరించేది ఎన్నిక అయిన 21వ రోజు. దానికి ముందు రోజులోపు మీ ఫారం వాళ్లకు చేరాలి. పోస్టులో ఆలస్యమవుతుందని భయముంటే ఫారం మీద ఇచ్చిన మిగతా పద్ధతులు చూడండి, ఈమెయిల్ చేయొచ్చు, లేదా స్వయంగా వెళ్లి ఇవ్వొచ్చు. ఫారం మీద పెట్టే సంతకమే ఇక మీదట మీ రికార్డు అవుతుంది కాబట్టి మీరు ప్రతిసారీ పెట్టగలిగేదే పెట్టండి. తర్వాత రాష్ట్రం వాళ్ల ఓట్‌వా సైట్‌లో పేరూ పుట్టినరోజూ కొడితే కవరు స్థితి కనపడుతుంది.

వానలో_శిరీష
అంటే తెలుగులో పెట్టినా పర్వాలేదా?

రెడ్‌మండ్_రాణి
నాది లైసెన్స్ మీదా తెలుగే, కవరు మీదా తెలుగే. పన్నెండేళ్లుగా ఓటేస్తున్నా, ఒక్కసారి కూడా ఉత్తరం రాలేదు. రెండు చోట్లా ఒకటే ఉండాలి, అంతే.

సమామిష్_రావు
శిరీషగారూ, మీరు ఎవరికి వేశారో నాకు తెలియదు, నా పార్టీకి వేసి ఉండరనే అనిపిస్తోంది. అయినా పంపండి. 2004లో మా పార్టీ వాలంటీర్లు, వాళ్ల పార్టీ వాలంటీర్లు ఇద్దరూ చలిలో తలుపులు కొట్టి సంతకాలు సేకరించారు, నేనూ ఆబర్న్ వైపు పదిహేను ఇళ్లు తిరిగాను. ఒక ముసలాయన, చేయి వణుకు జబ్బు, "నా సంతకం నాకే కలవడం లేదు బాబూ" అన్నాడు. రోసీకే వేశాడు. ఆయన ఫారం నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఓటర్ల జాబితా శుభ్రంగా ఉండాలి, దొంగ ఓటు పడకూడదు, అది నా పట్టుదల. కానీ సిసలైన ఓటు పోవడం కూడా దొంగతనంతో సమానమే.

పాతకాపు_98
రావుగారూ, ఇరవై ఏళ్ల నుంచి ఇదే ఊళ్లో ఉండి మనిద్దరం ఒక్కసారైనా కలవకపోవడం ఏమిటి?

సమామిష్_రావు
ఉగాదికి బెల్లెవ్యూ రండి, కలుద్దాం. ఎన్నికల మాట ఎత్తకుండా పులిహోర తిందాం.

బెజవాడ_బాబాయ్
ఎత్తకుండా ఉంటారా మీరిద్దరూ!

గ్రీన్‌కార్డ్_గోపాల్
నాకో చిన్న సందేహం. నాకు గ్రీన్ కార్డ్ ఉంది, లైసెన్స్ రెన్యువల్‌కి వెళ్తే ఓటరుగా నమోదు చేయమంటారా అని అడిగారు. అవునంటే ఏమయ్యేది?

పాతకాపు_98
అననే అనొద్దు నాయనా. సిటిజన్ అయ్యేదాకా నమోదు వద్దు, ఓటు వద్దు. పొరపాటున వేసినా తర్వాత సిటిజన్‌షిప్ దగ్గర పెద్ద చిక్కు, దేశం నుంచి పంపేసే దాకా వెళ్లొచ్చు. వచ్చాక కడుపారా వేసుకో. నేను 2004లో చూస్తూ ఊరుకున్నాను, 2012లో మొదటిసారి వేశాను.

నెల్లూరు_చేపలపులుసు
ఇంతకీ ఈసారి వాషింగ్టన్‌లో బాబ్ ఫెర్గూసన్‌లు ముగ్గురు నామినేషన్ వేశారని విన్నా, నిజమేనా? మన దగ్గర పెద్ద నాయకుడి పేరున్న ఇండిపెండెంట్లను నిలబెడతారే, అలాగా?

టాకోమా_వర్షం
నిజమే, మే నెలలో. అసలాయన కాక అదే పేరుతో ఇంకో ఇద్దరు. ఇక్కడ ఓటర్లను మోసం చేసే ఉద్దేశంతో అదే పేరున్నవాళ్లను నిలబెట్టడం నేరం కూడా. ఇద్దరూ గడువులోపు విరమించుకున్నారు. 129 ఓట్లతో గవర్నర్ మారిన రాష్ట్రం, పేరు చూసి తికమకపడే వెయ్యి మంది చాలు.

వానలో_శిరీష
అందరికీ ఒకేసారి రాస్తున్నాను. శనివారం పొద్దున ఫారం నింపాను. తెలుగులోనే సంతకం పెట్టాను, మెల్లగా, పదో తరగతి హాల్‌టికెట్ మీద పెట్టినట్టు. పోస్టుకు వేయకుండా మేమిద్దరం కారులో వెళ్లి కౌంటీ ఆఫీసులో ఇచ్చి వచ్చాం. మా ఆయనే డ్రైవ్ చేశారు. దారిలో పద్మగారి పోస్టు మళ్లీ చదివించుకున్నారు నా చేత.

పద్మగారూ, మీ ఓటు సంగతి తెలిసినప్పటి నుంచి నాకు మనసులో ఒకటే బాధగా ఉంది.

పోస్టల్_పద్మ
మీది చేరితే నాకు చాలు అమ్మా. ఈసారి డ్యూటీ పడితే నా వెనక నిలబడ్డ అందరి ఫారాలూ నేనే చూస్తాను, పేరూ హోదా ఉన్నాయో లేదో.

టాకోమా_వర్షం
సైట్‌లో చూశారా మరి?

వానలో_శిరీష
నిన్నటిదాకా "సంతకం సమస్య" అనే ఉంది. ఇప్పుడే చూశాను. "అంగీకరించారు" అని మారింది.